శీతకాలంలో ఒంటరిగా తొలి సైకిల్ దూరప్రయాణం: ఎలా సిద్ధపడాలి?

తొలిపెడల్:

సభ్యులందరికీ నమస్కారం. రోజూ ఉద్యోగానికి సైకిల్ మీదే వెళ్లివస్తాను కానీ, ఒకే రోజున ఇరవై కిలోమీటర్లకు మించి తొక్కిన అనుభవం నాకు లేదు. అయినా ఈ శీతకాలంలో సుమారు 600 కిలోమీటర్ల దారిని ఒంటరిగా, సామాను కూడా సైకిల్ మీదే వేసుకుని, పది రోజుల్లో తొక్కాలని నిశ్చయించుకున్నాను. ఆ దారిలో ఆ నెలల్లో పగలు సున్నాకూ మైనస్ 6 డిగ్రీలకూ మధ్య ఉంటుంది, రాత్రి మైనస్ 12 దాకా దిగుతుంది. రోడ్డు మీది మంచును యంత్రాలతో తీసివేస్తారు గానీ ఉదయం పూట అక్కడక్కడ గడ్డకట్టి ఉంటుంది. రాత్రులు ఊళ్లలో గదులు తీసుకుని పడుకుంటాను. గది చేరుకోలేని పరిస్థితి వస్తే పనికొస్తుందని ఒక చిన్న డేరా కూడా వెంట పెట్టుకుంటాను.

శీతకాలమే ఎందుకని చాలామంది అడుగుతున్నారు. సెలవు దొరికేది అప్పుడే. అంతకన్నా ముఖ్యంగా, మంచు కురిసి వెలిసిన తర్వాత రోడ్డు మీద ఉండే నిశ్శబ్దం, ఆ వాలు వెలుతురు నాకు ప్రాణం. ఒంటరిగా వెళ్లాలన్నది కూడా ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి, ఏ బట్టలు వేసుకోవాలి, సైకిల్‌లో ఏవి మార్పించాలి, అసలు అనుభవం లేనివారు తలపెట్టదగ్గ పనేనా అన్నవి నా ప్రశ్నలు. మొహమాటం లేకుండా చెప్పండి.

పాతచైన్:

తొలిపెడల్ గారూ, ఇది తలపెట్టదగ్గ పనే. అయితే మీరు ఒకేసారి మూడు కొత్త పనులు తలకెత్తుకుంటున్నారు: దూరం కొత్త, బరువుతో తొక్కడం కొత్త, రోజంతా చలిలో గడపడం కొత్త. వీటిలో రెండింటినైనా బయలుదేరేలోగా పాతవిగా చేసుకోవాలన్నదే నా సలహా అంతటికీ మూలం.

ముందు దూరం సంగతి. వేసవిలో, పొడి రోడ్డు మీద, సామానుతో ఒక కొత్త మనిషి రోజుకు 60, 70 కిలోమీటర్లు తొక్కగలరు. అదే లెక్క శీతకాలానికి పనికిరాదు. చల్లని గాలి బరువైనది. 20 డిగ్రీల దగ్గర ఉన్న గాలికన్నా మైనస్ 10 దగ్గరి గాలి సాంద్రత సుమారు 11 శాతం ఎక్కువ, అంటే గాలి అడ్డు కూడా అంతే పెరుగుతుంది. దానికి తోడు లావు బట్టలు, వెడల్పు టైర్లు, చలికి చిక్కబడిన గ్రీజు. గంటకు 12 కిలోమీటర్ల వేగం వస్తే సంతోషించండి. పగటి వెలుతురు ఎనిమిది గంటలుంటే, ఆగడానికీ తినడానికీ రెండు గంటలు, చీకటి పడకముందే చేరడానికి ఒక గంట వెసులుబాటు తీసేస్తే, మిగిలేది ఐదు గంటలు. అంటే కాగితం మీద 60 కిలోమీటర్లు. దారి లెక్క వేసుకోవలసింది 40. ఈ లెక్కన మీ 600 కిలోమీటర్లకు పదిహేను రోజులు కావాలి. సెలవు పెంచుకోవడం వీలుకాకపోతే దూరాన్ని 350, 400కు తగ్గించుకోండి. తగ్గించినంత మాత్రాన ప్రయాణం చిన్నదైపోదు.

రెండో సంగతి, అలవాటు. పూర్తి సామాను కట్టుకుని, దగ్గరి దారుల్లోనే ఒక రోజంతా తొక్కిరండి. ఆ తర్వాత ఒక రాత్రి బయట పడుకుని వచ్చే ప్రయాణం. ఆ తర్వాత వరసగా మూడు రోజులు. మొదటి రోజు ఉత్సాహం ఎవరికైనా ఉంటుంది; రెండో రోజు పొద్దున, తొడలు పట్టేసి, సీటు తగిలే చోట చర్మం మండుతూ ఉండగా, బయట మంచు కురుస్తుంటే మళ్లీ సైకిల్ ఎక్కాలనిపిస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష. మోకాళ్లు మాత్రం ముందునుంచీ జాగ్రత్త. సీటు ఎత్తు సరిచూసుకోండి, బరువైన గేరులో తొక్కకుండా తేలిక గేరులో కాళ్లు చకచకా తిప్పండి, మోకాలి చిప్పలకు చలిగాలి నేరుగా తగలనివ్వకండి.

ఉన్నికోటు:

బట్టల విషయం నేను చెబుతాను. చలికాలంలో సైకిలు తొక్కేవారికి చలికన్నా పెద్ద శత్రువు చెమట. ఎత్తు ఎక్కేటప్పుడు ఒళ్లు వేడెక్కి లోపలి చొక్కా తడుస్తుంది, పల్లం దిగేటప్పుడు గాలి కొట్టి ఆ తడి అంతా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. నూలు బట్ట తడిస్తే ఆరదు, కాబట్టి ఒంటికి తగిలే పొర నూలుది కానే కాకూడదు. పలుచని ఉన్ని, ముఖ్యంగా మెరినో ఉన్ని, తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది. దాని మీద మధ్యలో ఒక వెచ్చని పొర, పైన గాలి చొరబడని పలుచని కోటు. లావాటి ఒక్క కోటుకన్నా పలుచని మూడు పొరలు మేలు, ఎందుకంటే వాటిని విప్పుతూ తొడుగుతూ ఉండవచ్చు.

బయలుదేరేటప్పుడు కొంచెం చలి వేస్తూ ఉండాలి. గుమ్మంలో నిలబడ్డప్పుడే వెచ్చగా ఉందంటే పావుగంటలో చెమట పడుతుంది. ఎత్తు మొదలయ్యే ముందే ఒక పొర విప్పండి, పైకి చేరగానే, దిగడం మొదలుపెట్టక ముందే, తొడుక్కోండి. ఇది బద్ధకించకూడని పని. 2001 నుంచి కెనడా, అమెరికా వాతావరణ శాఖలు వాడుతున్న లెక్క ప్రకారం, మైనస్ 5 డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి అది మైనస్ 14తో సమానం. గాలి లేని రోజున కూడా, పల్లంలో ఆ వేగంతో దిగితే ఆ గాలిని మీరే పుట్టించుకుంటున్నారన్నమాట.

చేతులకు ఐదు వేళ్ల తొడుగులకన్నా నాలుగు వేళ్లూ కలిసి ఉండేవి వెచ్చన. ఇంకా మంచి ఉపాయం, హ్యాండిల్‌కే బిగించే పెద్ద గుడ్డ తొడుగులు. వాటి లోపల పలుచని తొడుగులతోనే బ్రేకులూ గేర్లూ హాయిగా ఆడించవచ్చు. కాళ్లకు ఒక సైజు పెద్ద బూట్లు కొనండి. రెండు జతల మేజోళ్లు ఇరుకు బూట్లలోకి దూర్చితే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. బూటును బిగించి పట్టే పెడళ్లు వద్దు, మామూలు వెడల్పు పెడళ్లే మేలు: లోహపు బిగింపు అరికాలి నుంచి వేడిని లాగేస్తుంది, పైగా అందులోకి మంచు కూరుకుంటే కాలు సమయానికి ఊడిరాదు. కాలి వేళ్లు తిమ్మిరెక్కితే సైకిల్ దిగి ఐదు నిమిషాలు నడిపించుకుంటూ వెళ్లండి, రక్తం తిరిగి వస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. నోటి ఆవిరి మెడదగ్గరి గుడ్డ మీద పడి, గంటలోగా పెళుసైన మంచుపెంకుగా మారుతుంది, కోటు జిప్పు కూడా అక్కడే బిగుసుకుపోతుంది. మెడగుడ్డలు రెండు పెట్టుకుని, ఒకటి కోటు లోపల ఆరుతూ ఉండగా రెండోది వాడండి. జిప్పుకు ఒక తాడుముక్క కట్టుకుంటే తొడుగులు తీయకుండానే లాగవచ్చు.

నాడి:

నేను వృత్తిరీత్యా వైద్యురాలిని, శీతకాలంలో సైకిల్ తొక్కే అలవాటూ ఉంది. ఒంటరి ప్రయాణంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఒక్కటే. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకన్నా తగ్గితే దానిని హైపోథెర్మియా అంటాం. అందులో వణుకుతో పాటే మొదట దెబ్బతినేవి వేళ్ల పనితనం, ఆలోచన. మాట తడబడుతుంది, నడక తూలుతుంది, చిన్న చిన్న పనులు మరచిపోతారు, చిరాకు పెరుగుతుంది, ఆ తర్వాత దేనిమీదా పట్టింపు లేకుండా పోతుంది. పక్కన ఇంకొకరుంటే ఈ మార్పును వారు కనిపెడతారు. ఒంటరిగా ఉన్నవారి విషయంలో, కనిపెట్టవలసిన బుద్ధే మందగిస్తుంది. ఉష్ణోగ్రత ఇంకా పడి సుమారు 32 డిగ్రీలకు చేరితే వణుకు కూడా ఆగిపోవచ్చు. వణుకు ఆగింది కదా, తేరుకున్నానని ఎవరూ అనుకోకూడదు.

అందువల్ల, ఎప్పుడు ఆగాలన్న నిర్ణయాన్ని దారిలో తీసుకోకండి. ఇంట్లో, వెచ్చగా, తెలివిగా ఉన్నప్పుడే కాగితం మీద రాసి హ్యాండిల్ సంచి మీద అంటించుకోండి. ఉదాహరణకు: లోపలి పొర తడిసి, మార్చుకోవడానికి పొడి చొక్కా లేకపోతే ఆగిపోవాలి, బ్రేకు నొక్కడానికి వేళ్లు సహకరించకపోతే ఆగిపోవాలి, బొటనవేలు చిటికెనవేలి కొసను తాకలేకపోతే ఆగిపోవాలి. ఈ చివరిది అందరూ చేసుకోగల సులువైన పరీక్ష, అరగంటకొకసారి చేసుకుంటూ ఉండండి.

చర్మం గడ్డకట్టడం, అంటే ఫ్రాస్ట్‌బైట్, ముందుగా వచ్చేది ముక్కుకూ చెవులకూ చెక్కిళ్లకూ వేళ్లకూ. చర్మం పాలిపోయి, మైనంలా గట్టిపడి, స్పర్శ తెలియకుండా పోతుంది. అప్పుడు రుద్దకూడదు, మంచుతో అసలు రుద్దకూడదు, మంటకు కాచకూడదు. స్పర్శ తెలియని చర్మం కాలినా తెలియదు. వెచ్చని గది చేరాక 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ఉంచాలి, వైద్య సహాయం తీసుకోవాలి. దారిలో మళ్లీ గడ్డకట్టే అవకాశముంటే కరిగించే ప్రయత్నమే చేయకూడదు, ఎందుకంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన కండకు జరిగే నష్టం ఎక్కువ. మద్యం వెచ్చదనమిస్తుందన్న నమ్మకం ప్రమాదకరం. అది చర్మం దగ్గరి రక్తనాళాలను విప్పి, లోపలి వేడిని బయటికి పంపుతుంది.

ఇంకొక మాట. మీరు మైనస్ 12ను చూసి భయపడుతున్నట్టున్నారు. నేను భయపడేది ప్లస్ 2 డిగ్రీల దగ్గర కురిసే వానకు. పొడిగా ఉండే మైనస్ 10లో బట్టలు తడవవు. సున్నాకు అటూ ఇటూ ఉన్నప్పుడు వానా మంచూ కలిసి కురిస్తే గంటలోగా తడిసి ముద్దవుతారు, దాని మీద గాలి కొడుతుంది. వాతావరణ సూచనలో వాన, గాలి, సున్నా ఈ మూడూ కలిసి కనిపించిన రోజున గదిలోనే ఉండండి.

నట్టుబోల్టు:

నాడి గారు చెప్పిన సున్నా డిగ్రీల మాట టైర్లకు కూడా వర్తిస్తుంది. మైనస్ 10 దగ్గరి పొడి మంచుగడ్డకన్నా, కరుగుతూ పైన నీటిపొర తేలిన మంచుగడ్డ ఎక్కువ జారుడు. వంతెనల మీద కింది నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి, మిగతా రోడ్డు కన్నా ముందే అవి గడ్డకడతాయి. వంతెన వస్తోందంటే ముందే వేగం తగ్గించి, దాని మీద ఉన్నంతసేపూ బ్రేకు పట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా పోనివ్వండి.

టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు పొదిగిన టైర్లు వేయించండి. రెండూ వేయించలేకపోతే ముందు చక్రానికి వేయించండి. వెనక చక్రం జారితే నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే మనిషి నేల మీద ఉంటాడు. గాలి ఒత్తిడిని గదిలో చూసుకుని బయలుదేరకండి. 20 డిగ్రీల గదిలో 3 బార్ చూపించిన టైరు మైనస్ 10 దగ్గరికి వెళ్లేసరికి సుమారు 2.6 చూపిస్తుంది. మంచు మీద అది మంచిదే, గానీ తెలిసి తగ్గించుకోవడం వేరు, తెలియక తగ్గిపోవడం వేరు.

వెనక చక్రం ఫ్రీహబ్‌లో, అంటే పెడల్ ఊపును చక్రానికి అందించే భాగంలో, మామూలు చిక్కటి గ్రీజు ఉంటే, చలికి లోపలి పళ్లు అతుక్కుపోయి, పెడల్ తిరుగుతుంది కానీ చక్రం తిరగదు. మీరు చెప్పిన మైనస్ 12 దగ్గర ఇది తరచుగా జరగదు, అయినా ముందే విప్పించి పలుచని నూనె వేయించుకోవడం మంచిది. గేర్ల తీగలు వెళ్లే గొట్టాల్లో నీళ్లుంటే రాత్రికి గడ్డకడతాయి. కొత్త తీగలు, కొత్త గొట్టాలు వేయించండి. వెచ్చని గదిలోకి తెచ్చిన సైకిల్ మీద మంచు కరిగి, ఆ నీళ్లు సందుల్లోకి దిగి, పొద్దున బయటికి తీయగానే బిగుసుకుపోతాయి. కాబట్టి సైకిల్‌ను రాత్రంతా బయటే, చలిలోనే ఉంచండి, లేదా లోపల పూర్తిగా ఆరేదాకా ఉంచండి. సగం సగం వద్దు. రోడ్డు మీద చల్లే ఉప్పు చైన్‌ను రెండు రోజుల్లో ఎర్రగా చేస్తుంది. ప్రతి సాయంత్రం గుడ్డతో తుడిచి నూనె వేయండి.

పంక్చరు గురించి తప్పక చెప్పాలి. చలిలో జిగురు అంత త్వరగా ఆరదు, వేళ్లు పని చేయవు. అతుకులు వేయడం గదిలో చేసుకునే పని. దారిలో ట్యూబు మార్చేయండి. రెండు ట్యూబులు, గట్టి టైరు లీవర్లు, మంచి పంపు ఉంచుకోండి. మేకుల టైరు గట్టిగా ఉంటుంది, కాబట్టి ఇంట్లోనే, చేతులకు పలుచని తొడుగులు వేసుకుని, విప్పి ఎక్కించడం అలవాటు చేసుకోండి.

ఇదంతా ఇప్పటి బాధ కాదు. 1900లో బంగారం వార్త విని అలాస్కాలోని నోమ్‌కు, కెనడాలోని డాసన్ నుంచి గడ్డకట్టిన యూకాన్ నది మీదుగా సైకిల్ మీద వెళ్లిన ఎడ్ జెస్సన్‌కు కూడా బేరింగుల్లో నూనె గడ్డకట్టింది. అదే ఏడాది అదే దారిన వెళ్లిన మాక్స్ హిర్ష్‌బర్గ్‌కు చైన్ తెగిపోతే, కోటును తెరచాపలా పట్టుకుని గాలి ఊపుతో మంచు మీద ముందుకు సాగాడు. ఆ దారిలో మజిలీ ఇళ్లు ఉండబట్టే వారు చేరగలిగారన్నది మీరు గమనించవలసిన సంగతి.

తోడుంటేనే:

అందరూ సలహాలిస్తున్నారు గానీ, వద్దని ఒక్కరూ అనడం లేదు. నేను అంటాను. తొక్కడం చేతనవునా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. జారిపడి కాలర్ ఎముక విరిగితే, మైనస్ 6లో, చెమట పట్టిన బట్టలతో, రోడ్డు పక్కన కదలకుండా కూర్చోవలసి వస్తే ఎంతసేపు తట్టుకోగలరు? వేసవిలో రెండు గంటలు ఎదురుచూడటం కష్టం. శీతకాలంలో అది ప్రాణం మీదికి వస్తుంది. నాడి గారు ఒంటరితనం ఎంత ప్రమాదమో అంత చక్కగా వివరించి, కాగితం అంటించుకోండి అని ముగించారు. బుద్ధి మందగించిన మనిషి ఆ కాగితాన్ని చదివి లోబడతాడన్న నమ్మకం నాకు లేదు. మొదటిసారి ఒక తోడుతో వెళ్లండి, రెండోసారి మీ ఇష్టం.

నాడి:

తోడుంటేనే గారి ఆందోళన న్యాయమైనదే. కాగితం తోడుకు సాటి రాదు. అందుకే ఆ పరీక్షలు మరీ ముందుగా, బుద్ధి ఇంకా నిక్కచ్చిగా ఉన్న దశలోనే ఆపేలా ఉండాలి. వణుకు మొదలయ్యాక చదివే కాగితంగా కాక, తడిసిన చొక్కా దగ్గరే ఆపే కాగితంగా రాసుకోమని నా ఉద్దేశం.

తొలిపెడల్:

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తోడుంటేనే గారూ, మీ ప్రశ్నను దాటవేయను. పడిపోయి కదలలేకపోతే అన్న ఆలోచన నాకు నిద్ర పట్టనివ్వలేదు. అయితే తోడు దొరకడం నా చేతిలో లేదు. వేగం, ఓర్పు, సెలవు ఈ మూడూ కలిసే మనిషి నాకు తెలియదు, ముక్కూ మొహం తెలియనివారితో చలిలో రోజుల తరబడి తిరగడం కూడా ఒక ప్రమాదమే. ఒంటరిగా వెళుతూనే ఆ ప్రమాదాన్ని తగ్గించుకునే దారి ఉంటే చెప్పండి. లేదంటే మానుకోవడానికి కూడా సిద్ధమే.

పాతచైన్:

ఉంది. దారిని ఎంచుకోవడంలోనే ఉంది. కొత్తవారు పటం మీద అందమైన దారిని చూస్తారు. శీతకాలపు ఒంటరి ప్రయాణానికి చూడవలసింది, ఏ చోట నిలబడినా వెచ్చని గది ఎంత దూరంలో ఉంది అన్నది. పది పదిహేను కిలోమీటర్లకొక ఊరు, దారి పొడవునా రైలో బస్సో ఉండే రోడ్డును ఎంచుకోండి. రద్దీ హైవే వద్దు. అలాగని గంటకొక్క వాహనం కూడా రాని దారీ వద్దు. మీరు కోరుకునే నిశ్శబ్దం కొంత తగ్గుతుంది, నిజమే. మొదటి ప్రయాణానికి ఆ మాత్రం వదులుకోవాలి.

తిన్నగా 400 కిలోమీటర్లు వెళ్లే దారికి బదులు, ఇంకొక పద్ధతి కూడా ఆలోచించండి. ఒక ఊరిలో మూడు రోజులు మకాం పెట్టి, అక్కడి నుంచి రోజుకొక దిక్కున వెళ్లి సాయంత్రానికి అదే గదికి రావడం, తర్వాత తరువాతి ఊరికి మకాం మార్చడం. బరువు తగ్గుతుంది, బట్టలు ఆరుతాయి, వాతావరణం బాగాలేని రోజున ఆగిపోతే ప్రణాళిక చెడదు. ప్రణాళిక చెడుతుందన్న తొందరే కొత్తవారిని వెళ్లకూడని చోటికి నెడుతుంది. రేపటి గదికి డబ్బు కట్టేశాను కాబట్టి వెళ్లి తీరాలి అనుకునే మనిషి గాలివానను తక్కువ అంచనా వేస్తాడు. అందుకే గదులను రద్దు చేసుకోగల పద్ధతిలోనే తీసుకోండి, ప్రతి నాలుగు రోజులకు ఒక ఖాళీ రోజు వదలండి.

ఇక సమాచారం. ఇంట్లో ఒక్కరిని నియమించండి. బయలుదేరేముందు, మధ్యాహ్నం, చేరగానే సందేశం. చేరవలసిన సమయం దాటి రెండు గంటలైనా సందేశం రాకపోతే వారు ఎవరికి ఫోన్ చేయాలో, మీరు ఏ రోడ్డు మీద ఉంటారో, కోటు రంగేమిటో వారి దగ్గర రాసి ఉండాలి. ఫోన్ సిగ్నల్ లేని భాగాలుంటే ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరాన్ని అద్దెకైనా తీసుకోండి. దానిని సంచిలో పెట్టకండి, ఒంటి మీదే ఉంచండి. పడినప్పుడు సైకిల్ ఒకవైపు, మీరు ఒకవైపు ఉండవచ్చు.

మబ్బుడేరా:

తోడుంటేనే గారు అడిగిన ప్రశ్నకు సామానులోనే సగం సమాధానం ఉంది. గదుల్లో పడుకునేవారు కూడా మైనస్ 12ను తట్టుకునే పడక సంచినీ, నేల చలిని ఆపే చాపనూ తీసుకువెళ్లాలి. కదలలేని మనిషికి నేల లాగేసే వేడి గాలి లాగేసే వేడికన్నా తక్కువేమీ కాదు. ఈ రెండూ, ఒక లావాటి వెచ్చని కోటూ సంచిలో అన్నిటికన్నా పైన ఉండాలి, ఒక్క చేత్తో తీయగలిగేలా కట్టాలి. కాలర్ ఎముక విరిగినవారికి రెండో చేయి ఉండదు.

పొయ్యి తీసుకువెళ్తే ఇంధనం చూసుకోండి. మామూలు బ్యూటేన్ సిలిండర్ సున్నా డిగ్రీల కింద దాదాపు పనిచేయదు, ఎందుకంటే అది సుమారు మైనస్ 0.5 దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినవి ఇంకా కిందికి పనిచేస్తాయి. బాగా చలికి ద్రవ ఇంధనపు పొయ్యే నమ్మకం. డేరా మూసి లోపల పొయ్యి వెలిగించడం మాత్రం ఎంత చలి వేసినా వద్దు. పొయ్యి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి సీసాను తలకిందులుగా పెడితే మూత దగ్గర చాలాసేపు కదులుతూ ఉంటాయి. పొద్దున గోరువెచ్చని నీళ్లతో నింపి, పొడి మేజోడు తొడగండి. చలిలో దాహం తెలియదు, తెలియకపోయినా తాగండి. తినేవి లోపలి జేబులో ఉంచండి, బయట ఉంచితే రాయిలా గట్టిపడి పళ్లకు పని పెడతాయి.

దీపస్తంభం:

దీపాల గురించి ఎవరూ రాయలేదు. లిథియం బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి, సున్నా కింద ఉన్న బ్యాటరీకి ఛార్జింగు పెడితే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. ఫోనూ అదనపు బ్యాటరీ కోటు లోపల ఉంచండి, గదికి చేరి అవి వెచ్చబడ్డాకే ఛార్జింగు పెట్టండి. వెనక దీపాలు రెండు కావాలి, ఎందుకంటే చక్రం ఎగజిమ్మే బురదమంచు ఒకదానిని కప్పేస్తుంది. ఆగిన ప్రతిసారీ చేత్తో తుడవండి. పగలు కూడా వెలిగించండి. శీతకాలపు సూర్యుడు రోజంతా కిందనే ఉంటాడు కాబట్టి, ఎదురెండలో వచ్చే డ్రైవరుకు మీరు కనపడరు. మంచు తీసిన రోడ్లకు రెండు పక్కలా గుట్టలు పేరుకుని దారి ఇరుకవుతుంది. అటువంటి చోట అంచుకు అతుక్కుని వెళ్లకండి, తప్పుకోవడానికి మీకంటూ ఒక అడుగు చోటు మిగుల్చుకోండి.

ఉన్నికోటు:

నట్టుబోల్టు గారితో ఒక విషయంలో విభేదిస్తాను. చాలావరకు పొడిగా ఉండే రోడ్డు మీద మేకుల టైర్లు బరువు, మోత, ఆయాసం. అనుభవం లేనివారికి ఆయాసం అంటే చెమట. వెడల్పు మామూలు టైర్లతో వెళ్లి, ఉదయం గడ్డ కరిగేదాకా ఆగి బయలుదేరితే సరిపోదా?

నట్టుబోల్టు:

రోజు పొడవుగా ఉంటే సరిపోతుంది. ఎనిమిది గంటల వెలుతురులో రెండు గంటలు ఆగితే మిగిలేదేమిటి? పైగా నీడ పడే మలుపుల్లో మధ్యాహ్నం కూడా గడ్డ ఉంటుంది, అనుభవజ్ఞులు దానిని రంగును బట్టి గుర్తుపడతారు, కొత్తవారు మీదికి వెళ్లాక గుర్తుపడతారు. ఒంటరిగా వెళ్లే మనిషి ఒక్కసారి పడకుండా ఆగినా ఆ బరువు గిట్టినట్టే. ఆయాసానికి మందు మీరే చెప్పారు: వేగం తగ్గించడం.

ఉన్నికోటు:

ఒంటరి ప్రయాణమన్న కోణంలో మీ మాట ఒప్పుకుంటాను. ఇద్దరు వెళ్తుంటే మాత్రం నా సలహా మామూలు టైర్లే.

తొలిపెడల్:

మీ మాటలన్నీ రెండుసార్లు చదివి, ప్రణాళికను ఇలా మార్చుకున్నాను. మొత్తం దూరం 360 కిలోమీటర్లు, పన్నెండు రోజులు. అందులో తొమ్మిది రోజులు సుమారు 40 కిలోమీటర్ల చొప్పున తొక్కేవి, మూడు ఖాళీగా ఉంచినవి. దారి రైలుమార్గం పక్కనే పోతుంది, ఎక్కడ ఆగినా ఎనిమిది కిలోమీటర్లలోగా ఒక స్టేషన్ ఉంది. మకాం మూడు ఊళ్లలో. బయలుదేరే ముందు రెండు నెలల పాటు, పాతచైన్ గారు చెప్పిన వరసలో, వారాంతాల్లో అభ్యాసం చేస్తాను. వరసగా మూడు రోజుల ప్రయాణం పూర్తిచేయలేకపోతే ఈ ఏడాదికి మానుకుంటాను. ఇంట్లో అక్కను నియమించాను, చేరవలసిన సమయం దాటితే ఏం చేయాలో తన దగ్గర రాసి ఉంది. ఆగవలసిన పరిస్థితుల కాగితం ఇదిగో: లోపలి చొక్కా తడిసి పొడిది లేకపోతే, బొటనవేలు చిటికెనవేలిని తాకకపోతే, మధ్యాహ్నం ఒంటిగంటకు సగం దూరం దాటకపోతే, సూచనలో వాన, గాలి, సున్నా కలిస్తే. ఇందులో లోటుపాట్లుంటే చెప్పండి.

తోడుంటేనే:

నా అభిప్రాయం మారలేదు, కానీ ఇది నేను మొదట చదివిన ప్రయాణం కాదు. మూడు రోజుల అభ్యాసంలో ఒక్క రోజైనా వాతావరణం బాగాలేని రోజు ఉండేలా చూసుకోండి. ఎండ కాసిన మూడు రోజులు మీకేమీ నేర్పవు. ఆ అభ్యాసానికి తోడు కావాలంటే నేను వస్తాను.

నాడి:

కాగితంలో రెండు మార్పులు. చొక్కా తడిసి పొడిది లేకపోతే అని రాశారు. పొడి చొక్కాలు రెండు పెట్టుకుని, రెండోది తొడిగిన వెంటనే ఆ రోజుకు దగ్గరి స్టేషన్‌తో ముగించండి. చివరి పొడి చొక్కా ఒంటి మీద ఉండగా కొత్త దూరం మొదలుపెట్టకూడదు. అలాగే, ఒకసారి పడి తలకు దెబ్బ తగిలితే, ఏమీ కాలేదనిపించినా, ఆ రోజు ఇంక తొక్కకూడదు, హెల్మెట్ మార్చకుండా మర్నాడు కూడా తొక్కకూడదు. ఒంటిగంట నియమం బాగుంది, అది ఎవరూ వాదించలేని నియమం.

తొలిపెడల్:

రెండు మార్పులూ రాసుకున్నాను. తోడుంటేనే గారూ, అభ్యాసానికి మీరు వస్తానన్నందుకు ఎంతో సంతోషం, తేదీలు విడిగా సందేశంలో పంపుతాను. నట్టుబోల్టు గారూ, మేకుల టైర్లు వచ్చే వారం బిగిస్తున్నారు. బిగించగానే మంచు మీదికి తీసుకువెళ్లవచ్చునా?

నట్టుబోల్టు:

వెంటనే వద్దు. కొత్త మేకులు రబ్బరులో కుదురుకోవాలి. మొదటి 40, 50 కిలోమీటర్లు మంచు లేని గట్టి రోడ్డు మీద, గట్టిగా బ్రేకు వేయకుండా, ఒక్కసారిగా వేగం పెంచకుండా, మలుపుల్లో వంగకుండా తొక్కండి. అలా చేయకపోతే మేకులు ఊడిపోతాయి. టైరు పక్కన తిరగవలసిన దిక్కు చూపే బాణం గుర్తు ఉంటుంది, బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. మీ అభ్యాసంలో మొదటి రోజు ప్రయాణానికి ఆ 40 కిలోమీటర్లు సరిగ్గా సరిపోతాయి.